తిప్పితే వచ్చే చదువు

గోగులంకకి కరెంటు లేదు. ఒకప్పుడు ఉండేది. ఒక ఏడాది గోదావరి ఎర్రగా పొంగి వచ్చి స్తంభాల్ని తీగలతో సహా సముద్రానికి పట్టుకుపోయింది. కొత్తవి పాతించమని లంకవాళ్ళు వెళ్ళి అడిగితే, పాతవి ఏమయ్యాయో తేలకుండా కొత్తవి ఇవ్వడం కుదరదని కరెంటు ఆఫీసులో చెప్పారు. సముద్రం జవాబు చెప్పలేదు. అందుచేత కరెంటు రాలేదు.

ఆ లంకలో ఒక ప్రాథమిక పాఠశాల ఉంది. ముప్ఫైమంది దాకా పిల్లలు, ఒక్కరే టీచరు. ఆవిడ పేరు శేషారత్నం. పొద్దున్నే పడవెక్కి ఏరు దాటి వచ్చేది, సాయంత్రం అదే పడవలో వెళ్ళిపోయేది. ఆవిడ దగ్గర గొప్ప విద్యలేమీ లేవు. పిల్లల్ని కూచోబెట్టి చదివించేది, రాయించేది, రాకపోతే మళ్ళీ చదివించేది. ఈ పద్ధతిలో మూడో తరగతి పిల్లలు దసరా నాటికి ఒత్తులతో సహా తడుముకోకుండా చదివేసేవారు. పద్ధతి మరీ పాతది కావడంవల్ల పైవాళ్ళెవరూ దాన్ని పట్టించుకోలేదు.

అలాంటి బడికి లాప్‌టాప్‌లు వచ్చాయి.

పేద దేశాల పిల్లలందరి కోసమని ఎక్కడో పెద్దవాళ్ళు ఆలోచించి చవగ్గా తయారుచేయించిన లాప్‌టాప్‌లవి. టిఫిను పళ్ళెమంత పచ్చ ప్లాస్టిక్ డొప్ప. కరెంటు లేని ఊళ్ళలో చదువు ఆగిపోకూడదని దానికి ఒక పక్కన పిడి బిగించారు. పిడి పట్టుకుని గిరగిరా తిప్పితే లోపల కరెంటు పుడుతుంది. గంట తిప్పితే ఐదు నిమిషాలు వెలుగుతుంది. పిల్లలు దాన్ని చూడగానే తిరగలి అన్నారు. ఆ పేరే ఖాయమైపోయింది.

వెలిగినప్పుడు ముందుగా తెరమీదికి ఒక చిలక వస్తుంది. రెక్కలు విదిలించి, మెడ ఓ పక్కకి వాల్చి, స్వాగతం చెబుతుంది. ఆ తరవాత తన గురించి తను చాలాసేపు చెప్పుకుంటుంది. చివరికి మీకు ఏ భాష కావాలి అని అడగబోతుంది. అడగబోయేసరికి తెర ఆరిపోతుంది. మళ్ళీ గంటసేపు తిప్పితే చిలక మళ్ళీ మొదట్నించీ రెక్కలు విదిలిస్తుంది. మొదటి నెలలో గోగులంక పిల్లలు ఒక్కరు కూడా చిలకని దాటలేదు.

శేషారత్నం ఈ సంగతి మండల విద్యాధికారి పూర్ణానందం గారికి చెప్పుకుంది. ఆయన మంచివాడు. పైనుంచి వచ్చిన మాట కిందికి చేర్చడంలో ఒక్క అక్షరం పొల్లు పోనివ్వడు. కిందినుంచి పైకి చేర్చే అలవాటు మాత్రం ఆయనకి లేదు.

"పథకం ఆశయం చూడమ్మా. చిలకదేముంది," అన్నాడాయన.

ఆ తిరగలికి ఇంకో గుణం ఉంది. పిల్ల ఏం చదివిందో దానికి తెలీదు గానీ ఎన్ని చుట్లు తిప్పిందో తెలుసు. ఏటి అవతల ఉన్న సెల్ టవరు ద్వారా ఆ కబురు ప్రతిరోజూ రాజధానికి పంపిస్తుంది. రాజధానిలో పథకం ఆఫీసు గోడమీద పెద్ద తెర ఉంది. రాష్ట్రంలో ప్రతి బడికీ దానిమీద ఒక గీత. మిగతా ఊళ్ళలో గోడకి ప్లగ్గు ఉంది కాబట్టి పిడి ముట్టుకున్నవాళ్ళు లేరు, వాళ్ళ గీతలు నేలకి అంటుకుపోయి ఉన్నాయి. గోగులంక గీత ఒక్కటే కొబ్బరిచెట్టులాగ లేచింది.

ఆ గీతని మొదట చూసింది పథకం ప్రత్యేకాధికారి డాక్టర్ అనంతశయనం. విద్యారంగంలో విప్లవం ఎప్పుడొస్తుందా అని ఆయన చాలాకాలంగా కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. వచ్చిందని అప్పుడు గ్రహించాడు. వెంటనే బయల్దేరి, ఒంటికి గాలి సంచీ కట్టించుకుని, పూర్ణానందం గారి చెయ్యి వదలకుండా పట్టుకుని పడవ దిగాడు.

ఆయన వచ్చేసరికి పిల్లలు తిప్పుతున్నారు. మూడో తరగతి వీరవేణి అందరికన్నా జోరుగా తిప్పుతోంది. ఆ పిల్ల ఇంట్లో బిందెలన్నిటికీ చేతిపంపు కొట్టేది తనే కావడంవల్ల భుజాలు గట్టివి. ఆయన ఆ పిల్ల పక్కన మోకాళ్ళమీద కూచుని, చాలాసేపు ఆ చేతినే చూశాడు. ఆయన కళ్ళు చెమర్చాయని పూర్ణానందం గారు తరవాత అందరికీ చెప్పారు.

శేషారత్నం ఉన్నదున్నట్టు చెప్పింది. పిల్లలు ఇంతవరకూ ఒక్క పాఠం చూడలేదని, తిప్పడంతోనే పొద్దు గడిచిపోతోందని, ఈ వేళకి పుస్తకంలో సగం అయిపోవలసిందని చెప్పింది.

అనంతశయనం జాలిగా నవ్వాడు. "చూడమ్మా, చూడటం అనేది నిష్క్రియాత్మక అభ్యసనం. తిప్పడం క్రియాత్మకం. హస్తానికీ మస్తిష్కానికీ ఉన్న అవినాభావ సంబంధాన్ని మన విద్యావ్యవస్థ ఇంతకాలం విస్మరించింది. ఈ రోజునుంచి విస్మరించదు."

ఆవిడకి మస్తిష్కం దాకా అర్థమైంది. మిగతాది ఉత్తర్వు వచ్చాక అర్థమైంది. ఇకమీదట చదువుని చుట్లలో కొలుస్తారట. చుట్టుకి అభ్యసన భ్రమణం అని పేరు. ఒకటో తరగతికి ఇన్ని భ్రమణాలు, ఐదో తరగతికి ఇన్ని అని నిర్ణయించారు. పాఠ్యాంశాలకి లోపం రాకుండా తెలుగు కుడిచేత్తోనూ, లెక్కలు ఎడంచేత్తోనూ తిప్పాలి. పరిసరాల విజ్ఞానం ఆరుబయట చెట్టుకింద తిప్పాలి. పరీక్షలు ఎత్తేశారు. ఎక్కువ చుట్లు తిప్పినవాళ్ళు పై తరగతికి వెళతారు.

ప్లగ్గులున్న ఊళ్ళలో గగ్గోలు పుట్టింది. పట్నం బళ్ళలో ప్లగ్గులు పీకించి పిడిమీదికి మళ్ళించారు. ట్యూషన్ సెంటర్లు వెలిశాయి. జిల్లా స్థాయి పోటీలు పెట్టారు. ఎవరెన్ని చేసినా చేతిపంపు కొట్టిన చేతులకీ కొట్టని చేతులకీ తేడా ఉంటుంది. వీరవేణి రాష్ట్రంలో ప్రథమురాలైంది. పట్నం తీసుకెళ్ళి శాలువా కప్పారు. ఆ శాలువా వాళ్ళమ్మ మంగతాయారు చలికాలం కప్పుకుంది.

ముందుగా అనుమానం వచ్చింది కూడా మంగతాయారుకే. పిల్ల అన్నం తింటూ కంచంలో చెయ్యి గుండ్రంగా తిప్పుతోంది. నిద్రలోనూ తిప్పుతోంది. ఒకరోజు ఆవిడ పిల్లని వెంటబెట్టుకుని ఏరు దాటి సంతకి వెళ్ళింది. రేవులో బస్సు ఆగి ఉంది. ఆవిడకి చదువు రాదు. పోయినేడాది పిల్లే చదివి ఏ బస్సో చెప్పేది. ఇప్పుడు అడిగితే బోర్డుకేసి చూసి, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. పక్కన ఎవరో గట్టిగా చదివితే ఎక్కారు. దారిపొడుగునా పిల్ల తలొంచుకునే కూచుంది.

మర్నాడు మంగతాయారు బడికొచ్చి, అరుగుమీద కూచుని ఏడ్చింది. "దీనికి ప్రైజులొద్దండి టీచరుగారూ. బస్సు బోర్డు చదివితే చాలండి," అంది.

శేషారత్నానికి ఆ రాత్రి అన్నం సయించలేదు. తను ఇరవయ్యేళ్ళుగా చేస్తున్నది ఒకే ఒక్క పని. అది తన కళ్ళముందే పిల్లల చేతుల్లోంచి జారిపోతుంటే తాను ఊరికే చూస్తూ కూచుందని సిగ్గేసింది. తెల్లారి ఒక ఉపాయం చేసింది. తిప్పడం ఎలాగూ తప్పదు కాబట్టి చుట్టుకొక అక్షరం పైకి చదవమంది. పిల్లలు చెయ్యి తిప్పుతూ, నల్లబల్లకేసి చూస్తూ, గొంతెత్తి చదవడం మొదలుపెట్టారు. గుణింతాలు తిరిగి వచ్చాయి. వారం దాటేసరికి చిన్నచిన్న మాటలు కూడా వచ్చాయి.

అయితే చదువుతూ తిప్పేవాడి చెయ్యి నెమ్మదిస్తుంది. రాజధాని గోడమీద గోగులంక గీత వంగింది. పదోనాటికి పూర్ణానందం గారు చెప్పులు చేత పట్టుకుని పడవ దిగారు. ఆయన తెచ్చిన మెమోలో, అభ్యసన వేళల్లో పఠనం వంటి అప్రస్తుత కార్యకలాపాలవల్ల ఈ పాఠశాలలో విద్యాప్రమాణాలు క్షీణించినట్లు ప్రభుత్వం దృష్టికి వచ్చినదని రాసి ఉంది.

"బళ్ళో చదవొద్దంటున్నారా అండీ?" అని అడిగింది శేషారత్నం.

"ఇంటి దగ్గర చదువుకోమనండమ్మా. బడి టైములో ఎందుకు," అన్నాడాయన. అని, కాస్త గొంతు తగ్గించి, తమ మనవడికి కూడా భుజం వాచిందని చెప్పాడు.

పఠనం ఆగిపోయింది. గీత మళ్ళీ లేచింది.

ఎండాకాలం ముందు మంత్రిగారు రాష్ట్రంలోకెల్లా మేటి బడిని చూడాలని ముచ్చటపడ్డారు. మంత్రిగారికి ఉక్క పడదు. లంకలో ఫ్యాను తిరగడానికి కరెంటు లేదు. జనరేటరు తెద్దామంటే పడవ మునిగేలా ఉంది. అప్పుడు ఏర్పాట్లు చూడటానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒకడు తిరగళ్ళన్నిటికీ తీగలు కలిపి ఫ్యానుకి తగిలించాడు. మంత్రిగారు మాట్లాడినంతసేపూ పిల్లలు తిప్పారు. ఫ్యాను తిరిగింది. మంత్రిగారి ప్రసంగం పొడుగైనకొద్దీ ఫ్యాను నెమ్మదించింది, ఫ్యాను నెమ్మదించినకొద్దీ ఆయన తొందరగా ముగించారు. ఆయన ఇంత క్లుప్తంగా మాట్లాడటం ఎవరూ ఎరగరు.

వెళుతూ వెళుతూ మంత్రిగారు ఒక ప్రశ్న వేశారు. తెర వెలగడానికి అయ్యే కరెంటు ఇలా ఫ్యానులకి వాడుకోవచ్చు కదా అన్నారు. అనంతశయనం ఆ మాట పట్టుకున్నాడు. చదువంటే తిప్పడమే అయినప్పుడు తెర దండగ, అక్షరాల మీటలు దండగ. రెండింటినీ ఊడదీయించాడు. మిగిలింది డొప్ప, పిడి. దానికి రెండో తరం లాప్‌టాప్ అని పేరు పెట్టారు. ఇది ఇంకా చవక. చిలకతో బాధ తీరింది.

గోగులంక కరెంటుతో ముందు పంచాయతీ ఆఫీసులో దీపం వెలిగింది. తరవాత చేపలవాళ్ళ ఐసు పెట్టె నడిచింది. ఎండలు ముదిరి, ఏటి అవతల మండల కేంద్రంలో కరెంటు కోతలు మొదలయ్యేసరికి, అవతలి ఆఫీసుల్లో ఏసీలకి కూడా ఇక్కడినుంచే ఇవ్వాలని తేల్చారు. తీగ లాగడానికి స్తంభాలు కావలసివచ్చాయి. లంకకి కరెంటు ఇవ్వడానికి ఏళ్ళ తరబడి దొరకని స్తంభాలు, లంకనుంచి కరెంటు పట్టుకుపోవడానికి వారంలో దిగాయి.

అప్పుడు కరెంటు శాఖవాళ్ళకి రోషం వచ్చింది. కరెంటు పుట్టించే అధికారం తమకి తప్ప ఏ శాఖకీ లేదన్నారు. అది కరెంటు కాదు, చదువు, తీగలో ప్రవహిస్తోంది అంతే అని విద్యాశాఖ వాదించింది. తీగలో ఏం ప్రవహించినా తమదేనని కరెంటు శాఖవాళ్ళన్నారు. రెండు శాఖలూ రాజధానిలో కూచుని చాలా టీలు తాగాక, బడిని బడితో సహా కరెంటు శాఖకి బదిలీ చేశారు. అనంతశయనానికి ఈ గొడవ పట్టలేదు. పేద దేశాలన్నిటికీ ఈ పద్ధతి వివరించడానికి అప్పటికే విదేశాలకి విమానమెక్కాడు.

బడి మీద బోర్డు మార్చి విద్యుత్ కేంద్రం అని రాశారు. పిల్లలకి భ్రమణ సహాయకులు అని హోదా ఇచ్చారు. కరెంటు శాఖలో టీచరు పోస్టు లేదు కాబట్టి శేషారత్నం మిగులు సిబ్బంది అయింది. ఆవిడ రోజూ వచ్చి, వరండాలో స్టూలు వేసుకుని కూచునేది. ఎక్కడికి వెళ్ళాలో ఉత్తర్వు వచ్చేదాకా కూచోమన్నారు. లోపలినుంచి పిడుల చప్పుడు వినిపించేది. ఆవిడ ఆ చప్పుడుకి వీపు తిప్పి ఏటికేసి చూస్తుండేది.

కేంద్రాన్ని స్వాధీనం చేసుకోవడానికి సహాయ ఇంజినీరు జోగారావు వచ్చాడు. ఆయన పొట్టిగా, బిగుతుగా ఉండే మనిషి. నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఆయన ఉద్యోగజీవితంలో ఒక్కరికి కూడా షాకు కొట్టలేదు. అదొక్కటే ఆయన గర్వం. ఆ గర్వం భద్రతా నియమాల పుస్తకం మీద నిలబడి ఉంది. పుస్తకాన్ని చొక్కా జేబులోనే ఉంచుకునేవాడు.

వచ్చీ రాగానే గుమ్మానికి ఎర్రబోర్డు కొట్టించాడు. పుర్రె, కింద రెండు ఎముకలు, వాటి కింద ప్రమాదం అని తెల్ల అక్షరాలు. కొట్టించి, పిల్లల్ని వరసలో నిలబెట్టాడు. బోర్డుమీద హెచ్చరిక చదవలేనివాడు విద్యుత్ కేంద్రంలో కాలు పెట్టరాదని నియమం. ఒక్కొక్కణ్ణీ చదవమన్నాడు. మొదటివాడు దిష్టిబొమ్మ అన్నాడు. రెండోవాడు బొమ్మని చూసి భయపడి వెనక్కి తగ్గాడు. వీరవేణి చాలాసేపు చూసి, "మొదటిది పకారమండి, దాని కింద ఏదో ఉందండి," అని తలొంచుకుంది.

జోగారావు ముఖం పాలిపోయింది. చదువురాని ముప్ఫైమందిని ఇన్నాళ్ళు తీగల మధ్య కూచోబెట్టారని ఆయనకి ముచ్చెమటలు పోశాయి. ఇంతమందిని బడికి పంపకుండా ఏం చేశారని అడిగాడు. బడికే పంపామండి అన్నారు లంకవాళ్ళు. ఆయనకి అర్థం కాలేదు. అర్థం చేసుకోవడం ఆయన పని కూడా కాదు. అక్కడికక్కడే మెయిను స్విచ్చి దించేశాడు. ఏటి అవతల ఏసీలు ఆగిపోయాయి. కరెంటు పోవడం అక్కడివాళ్ళకి అలవాటే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

సిబ్బంది అందరికీ చదవడం వచ్చేదాకా కేంద్రం నడవరాదని రాసేసి, చదువు చెప్పేవాళ్ళు ఎవరైనా దొరుకుతారా అని జోగారావు చుట్టూ చూశాడు. వరండాలో స్టూలుమీద శేషారత్నం ఉంది.

"మీకు చదువు చెప్పడం వచ్చామ్మా?" అని అడిగాడు.

ఆవిడ లేచి నిలబడింది. "వచ్చండి," అంది.

అలా ఆవిడ కరెంటు శాఖలో శిక్షకురాలైంది. తిరగళ్ళు గోడవారకి చేరాయి. శిక్షణ సామగ్రి అన్న పద్దు కింద పలకలు, సుద్దముక్కలు, కథల పుస్తకాలు వచ్చాయి. అడిగినన్ని వచ్చాయి, ఎందుకంటే భద్రత విషయంలో కరెంటు శాఖ రాజీ పడదు. ఆవిడ అఆల దగ్గర మొదలుపెట్టింది. పిల్లల కుడిచేతులు మొదట్లో పలకమీద సున్నాలే చుట్టేవి. మెల్లగా ఆ సున్నాలకి తలకట్లు వచ్చాయి, కొమ్ములు వచ్చాయి. దసరా దాటేసరికి వీరవేణి కథల పుస్తకం పట్టుకుంటే వదలడం లేదు. వాళ్ళమ్మతో సంతకి వెళ్ళినప్పుడు బస్సు బోర్డే కాక, లోపల రాసిన హెచ్చరికలన్నీ వరసగా చదివి కండక్టరుకి విసుగు తెప్పించింది. మంగతాయారు తిరిగొచ్చేటప్పుడు పడవలో అందరికీ ఈ సంగతి చెప్పింది.

శేషారత్నానికి సంతోషంతోపాటు ఒక దిగులు పట్టుకుంది. పిల్లలకి చదువు రాగానే స్విచ్చి ఎత్తుతారు. తాను ఎంత బాగా చెబితే వాళ్ళు అంత తొందరగా పిడి దగ్గరికి వెళతారు. పోనీ నెమ్మదిగా చెబుదామా అనుకుంది గానీ, చేతకాలేదు. తెలిసి తప్పు నేర్పడం ఆవిడకి అసలే రాదు. పిల్లలకి ఇవేమీ చెప్పలేదు. జోగారావు వచ్చి చదివించి చూసే ముందురోజు సాయంత్రం ఆ ఎర్రబోర్డు దగ్గర నిలబెట్టి అందరిచేతా చదివించింది. అందరూ సరిగ్గా చదివారు. ఆవిడ పడవెక్కి, అవతలి ఒడ్డు చేరేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు జోగారావు వచ్చాడు. వెంట కేంద్రం మళ్ళీ మొదలెట్టడానికి లైన్‌మన్ ఒకడు. ముందు వీరవేణిని పిలిచి, ఊరికే చూద్దామని జేబులోని నియమాల పుస్తకం తీసి ఇచ్చాడు. ఆ పిల్ల మధ్యలో తెరిచి, పృథ్వీ సంధానం, విద్యున్నిరోధకం లాంటి మాటలతో సహా తడుముకోకుండా ఒక పేజీ చదివేసింది. ఆయన తల ఊపాడు. బాగా సంతోషించినప్పుడు ఆయన అంతవరకే చేస్తాడు.

తరవాత గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి బోర్డు చూపించాడు.

వీరవేణి బోర్డుకేసి చూసింది. గోడవార ఉన్న తిరగళ్ళకేసి చూసింది. మళ్ళీ బోర్డుకేసి చూసింది. శేషారత్నం వరండా స్తంభాన్ని పట్టుకుని నిలబడింది.

"ప్ర... ప్రసాదం," అంది వీరవేణి.

శేషారత్నం తల ఎత్తింది. నిన్న ఇదే పిల్ల ఇదే మాట కళ్ళు మూసి తెరిచేలోగా చదివింది.

జోగారావు ఇంకోసారి చూడమన్నాడు. వీరవేణి ఇంకోసారి చూసి, ఈసారి ఇంకా నమ్మకంగా ప్రసాదమేనండి అంది. ఆయన రెండోవాణ్ణి పిలిచాడు. వాడు ప్రమోదం అన్నాడు. మూడో పిల్ల ప్రమాణం అంది. వరసలో చివరివాడు ఒకటో తరగతి వాడు. వాడికి పెద్ద మాటలు రావు. వాడు వీరవేణి ముఖంలోకి చూసి, గట్టిగా, "పప్పు," అన్నాడు.

లైన్‌మన్ ఏటికేసి తిరిగి దగ్గాడు. జోగారావు బోర్డుని చూశాడు, పిల్లల్ని చూశాడు, శేషారత్నాన్ని చూశాడు. ఆవిడ కూడా ఆయనంత నిజాయితీగా ఆశ్చర్యపోతూ కనిపించింది. పృథ్వీ సంధానం చదివిన పిల్లకి ఇది రాకపోవడమేమిటో నియమాల పుస్తకంలో లేదు. చదవకపోతే ఏం చెయ్యాలో మాత్రం ఉంది. ఆయన వీరవేణి చేతిలోంచి పుస్తకం తీసుకుని మూశాడు.

"ఏడాది పొడిగిస్తున్నానమ్మా," అన్నాడు చివరికి. "తొందరేం లేదు. అన్నీ చెప్పండి. లెక్కలు కూడా చెప్పండి. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం పిల్లలమీద ఒత్తిడి పెట్టకండి. బలవంతపు చదువు ప్రమాదం."

ఆ చివరి మాట ఆయన నోట వినగానే వీరవేణి తల వంచి, పెదాలు గట్టిగా బిగించుకుంది. జోగారావు నియమాల పుస్తకం జేబులో పెట్టుకోబోయి, ఏమనుకున్నాడో మళ్ళీ తీసి ఆ పిల్ల చేతికిచ్చి, మిగతా పేజీలు కూడా చదువుకోమని చెప్పి పడవెక్కాడు.